వేణ్ణీళ్ళ మిషను మీద పెద్దమ్మ రిపోర్టు

షుండే
2017 సెప్టెంబర్ 6

పెద్దమ్మకు లియాంగ్ నమస్కారాలు.

ఈ ఉత్తరం నీకు అందేసరికి కొరియర్ అబ్బాయి ఒక పెట్టె కూడా తెచ్చి ఉంటాడు. సంతకం పెట్టనని అతన్ని గుమ్మంలో నిలబెట్టకు. అందులో ఉన్నది మా ఫ్యాక్టరీలో మేం రెండేళ్ళు కుస్తీపట్టి తయారుచేసిన వేణ్ణీళ్ళ మిషను. వెనక తొట్టిలో మామూలు నీళ్ళు పోసి ముందున్న మీట నొక్కితే మూడు సెకన్లలో మరుగుతున్న నీళ్ళు వస్తాయి. కెటిల్ పెట్టి దాని ముందు కాపలా కాయక్కర్లేదు. మీట పైన మూడు దీపాలుంటాయి. ఎర్రది మరిగే నీళ్ళకి, పసుప్పచ్చది కాస్త తక్కువ వేడికి, నీలంది గోరువెచ్చటి నీళ్ళకి. ఏది కావాలంటే దాని మీద వేలు పెట్టాలి, అంతే.

బజారులోకి వదిలేముందు పదహారు ఇళ్ళలో పెట్టి చూస్తున్నాం. పదిహేను ఇళ్ళు ఈ ఊళ్ళోవే. వస్తువు ఊరికే వచ్చింది కాబట్టి వాళ్ళందరూ "చాలా బాగుంది" అనే రాస్తారు. పదహారోది నీ ఇల్లు కావాలని నేనే పట్టుబట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు పింగాణీ ఫ్యాక్టరీలో కప్పుల్ని వెలుతురుకి పట్టుకుని, గోటితో తడిమి, ఇది మంచిది, ఇది రెండో రకం అని విడదీసిన మనిషివి. పగులున్న కప్పు నీ బల్ల దాటి వెళ్ళలేదని చావోజౌలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా మిషన్ని కూడా అలాగే చూడు. కాగితం మధ్యలో గీత గీసి ఒక పక్క బాగున్నవి, ఒక పక్క బాగులేనివి రాయి. మొహమాటపడకు. ఎటూ పడవనుకో.

ఫోన్లో చెప్పొద్దు. ఫోన్లో నీకు సగం వినబడదు, ఆ సగానికీ నువ్వు "ఊఁ" అంటావు. మా పై అధికారికి కాగితం మీద సంతకంతో కావాలి.

హుయ్‌చిన్ ఆరోగ్యంగా ఉంది. నవంబర్ ఆఖరుకి కాన్పు అంటున్నారు. అమ్మ నవంబర్ అయిదున ఇక్కడికి వచ్చేస్తోంది. బాలింత పనులయ్యాక కూడా వెనక్కి పోదట, బిడ్డకి మూడేళ్ళు వచ్చేదాకా మా దగ్గరే ఉంటానంది. అక్కడి ఇల్లు అద్దెకిచ్చేసింది. ఈ కబురు నీకు నేను కాక ఇంకెవరు చెబుతారు? నీ ఇంటికీ మా అమ్మ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క నది. వంతెన మీద నడిస్తే పది నిమిషాలు. నాలుగేళ్ళుగా ఆ పది నిమిషాలు ఎవరూ నడవలేదు. ఇంకేం రాయను, రాస్తే నువ్వు మిషన్ని తిరిగి పెట్టెలో పెట్టేస్తావు.

నీ చెల్లెలి కొడుకు,
లియాంగ్


చావోజౌ
సెప్టెంబర్ 15

చిరంజీవి లియాంగ్‌ని పెద్దమ్మ దీవించి రాయునది.

పెట్టె వచ్చింది. కొరియర్ అబ్బాయిని నిలబెట్టలేదు, కూర్చోబెట్టాను. మూడు కప్పుల టీ తాగి, మిషన్ని బల్ల మీద పెట్టి, తీగ గుచ్చి మరీ వెళ్ళాడు. నీకన్నా నెమ్మదస్తుడు. నువ్వు చిన్నప్పుడు నా ఇంట్లో ఏది బిగించినా మర్నాడు మళ్ళీ బిగించాల్సి వచ్చేది.

నువ్వు చెప్పినట్టే మధ్యలో గీత గీశాను.

బాగున్నవి. ఒకసారి మరిగిన నీళ్ళని మళ్ళీ మరిగించడం లేదు. మా కాలం వాళ్ళకి అది పెద్ద పట్టింపు. వెయ్యిసార్లు మరిగిన నీళ్ళు తాగితే ఎముకలు గుల్లబారతాయని మా అమ్మ కెటిల్ అడుగున మిగిలిన నీళ్ళు పారబోసేది. రెండోది, నా మణికట్టు. కెటిల్ ఎత్తినప్పుడల్లా కలుక్కుమనేది, ఇప్పుడు ఆ బాధ లేదు. మూడోది, కింది వాటా పిల్ల. వాళ్ళ కోడలు కొట్లో పనికి పోతూ మధ్యాహ్నాలు పిల్లని నా దగ్గర వదులుతుంది. ఏడు నెలలది, గొంతు మాత్రం కూరగాయల బేరగత్తెది. నీలం దీపం నొక్కితే అది ఏడుపు అందుకునేలోపు పాలు కలిసిపోతున్నాయి.

బాగులేనివి. మొదటి రెండు చెంచాల నీళ్ళు వట్టి వెచ్చన. టీ ఆకు మీద అవి పడితే ఆకు విచ్చుకోదు. వాటిని గిన్నె తొలవడానికి వాడుతున్నాను. మిషను చేసే చప్పుడు దున్నపోతు బుసకొట్టినట్టుంది, ఇంటికొచ్చిన వాళ్ళు మాట మధ్యలో ఆపి దాని వంక చూస్తున్నారు. కరెంటు పోతే అది ఉత్త బొమ్మ. మంగళవారం రెండు గంటలు పోయింది, పాత కెటిల్‌ని మళ్ళీ కిందికి దించాను. ఇంకొకటి. చివరికి ఏ దీపం మీద ఆపితే తర్వాత దాని మీదే మొదలవుతోంది. పిల్లకి పాలు కలిపి, ఆ తర్వాత టీకి మీట నొక్కితే నీలమే వస్తోంది. పరధ్యానంగా నొక్కే వాళ్ళకి ఇది కష్టం. నేను చూడకుండా ఏదీ నొక్కను కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

ఒకటి మాత్రం ఏ పక్క రాయాలో తెలియలేదు. ఇలాంటి మిషను ఆ ఆసుపత్రి నాలుగో అంతస్తులో, మీ అమ్మమ్మ మంచం పక్కన ఉండి ఉంటే నేను ఫ్లాస్కు పట్టుకుని కిందికి పోయేదాన్ని కాదు. ఒక్క గది, రెండు కుళాయిలు, ఆస్పత్రి మొత్తానికి అవే వేణ్ణీళ్ళు. ఉదయం ఆరింటికి నా ముందు పద్దెనిమిది మంది ఉన్నారు. లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. ముందున్నావిడ మా ఫ్యాక్టరీలో రంగులేసే ఆవిడ, "మీ అమ్మకెలా ఉంది?" అంటే "ఫరవాలేదు" అన్నాను. పైకొచ్చేసరికి అమ్మ లేదు. కన్నతల్లి ఊపిరి పోయేటప్పుడు పక్కన లేకపోవడం కంటే పెద్ద తప్పు మన వాళ్ళలో లేదు. అది నా మెడకి చుట్టుకుంది, సరే, నా ఖర్మ. కానీ మొదటి తద్దినం నాడు నలభై మంది చుట్టాల ముందు మీ అమ్మ లేచి, "అమ్మ పోతుంటే అక్క నీళ్ళగదిలో కబుర్లు చెప్పుకుంటోంది" అంది చూడు, అది నేను మోయలేకపోయాను. అప్పటినుంచీ దాని గడప తొక్కలేదు. దాన్నీ నా గడప తొక్కనివ్వలేదు.

ఇది రిపోర్టులో పెట్టకు. చించి వేరే ఉంచుకో.

హుయ్‌చిన్‌ని చల్లటివి తిననివ్వకు. పుచ్చకాయ అసలు వద్దు.

మీ పెద్దమ్మ,
సూచెంగ్


షుండే
సెప్టెంబర్ 24

పెద్దమ్మా,

నీ రిపోర్టు మా గదిలో అందరం చదివాం. దున్నపోతు బుస దగ్గర మా పై అధికారి కూడా నవ్వాడు, తర్వాత గొట్టానికి రబ్బరు తొడగమని చెప్పాడు. మొదటి రెండు చెంచాల సంగతి ఇంకే ఇంటివాళ్ళూ కనిపెట్టలేదు. హుయ్‌చిన్ పుచ్చకాయ మానేసింది, నా వంక చూసే చూపు మాత్రం బాగులేదు.

దీపం గుర్తుపెట్టుకోవడం లోపం కాదు పెద్దమ్మా, మేం కావాలని పెట్టిందే. ఔ హుయ్ అని మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఆ ప్రోగ్రాం రాసింది. పసిపిల్లలున్న ఇళ్ళలో పదే పదే నీలం నొక్కే పని తప్పుతుందని తన ఆలోచన. నాకూ నచ్చింది.

రిపోర్టులో పెట్టొద్దన్న పేజీ చించి నా బీరువాలో పెట్టుకున్నాను. రెండుసార్లు చదివాను. నేను ఎవరి పక్షమూ మాట్లాడను. అమ్మ ఆ రోజు నోరు జారింది, ఆ సంగతి తనకీ తెలుసు. "మాట అన్నాక వెనక్కి ఎలా తీసుకుంటార్రా?" అని ఒకసారి నన్నే అడిగింది. నవంబర్ అయిదున రైలెక్కితే మూడేళ్ళు. నీకు డెబ్బై ఒకటి, తనకి అరవై ఆరు. ఆ లెక్క వెయ్యడానికి నాకు భయంగా ఉంది.

ఒకవేళ తను వంతెన దాటి వస్తే తలుపు తియ్యి. అంతకంటే ఏమీ అడగను.

లియాంగ్


చావోజౌ
అక్టోబర్ 9

చిరంజీవి లియాంగ్‌కి,

రెండో రిపోర్టు.

బాగున్నవాటిలో కొత్తది: మిషను తుడవడం తేలిక. బాగులేనివాటిలో కొత్తది: నెల తిరక్కుండానే తొట్టి అడుగున తెల్లటి సున్నప్పొర కట్టింది. మన నది నీళ్ళ సంగతి నీకు తెలిసిందే. వెనిగర్ పోసి రాత్రంతా నానబెడితే వదిలింది, మర్నాడు టీ అంతా ఊరగాయ వాసన. రబ్బరు తొడిగిన గొట్టం అందింది. ఇప్పుడు దున్నపోతు కాదు, ముక్కు దిబ్బడేసిన ముసలాయన.

పున్నమి పండగ బాగా జరిగింది. చంద్రుడు కనబడలేదు, మబ్బు. మేడ మీద బల్ల వేసి పంపరపనసలు, చేమదుంపలు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. కింది వాటా వాళ్ళు అత్తగారి ఊరు పోయారు, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మధ్యాహ్నం ఒక అతిథి వచ్చారు. పందికొవ్వుతో చేసిన పండగ మూన్‌కేకులు తెచ్చారు, పాత బజారులో ఆ మూలకొట్టువే. ఒక్క కప్పు తాగి వెళ్ళిపోయారు. మిషను సరిగానే పనిచేసింది.

నేను కేకులు తినలేదు. నాకు పళ్ళు నొప్పి. కొరియర్ అబ్బాయికి ఇచ్చాను.

మీ పెద్దమ్మ


షుండే
అక్టోబర్ 16

పెద్దమ్మా,

ఆ అతిథి ఎవరో నువ్వు రాయలేదు. అమ్మ చెప్పింది. ఫోన్ చేసి ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది, తర్వాత మళ్ళీ ఏడ్చింది. తన మాటల్లోనే రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు.

"నాలుగేళ్ళకి వెళ్ళానురా. సిగ్గు విడిచి వెళ్ళాను. ఎదురుగా కూర్చోబెట్టి గోరువెచ్చటి టీ పోసింది. రంగు లేదు, వాసన లేదు. కాలవొడ్డున టీ కాచుకునే వాళ్ళు కూడా దారినపోయే వాడికి అలాంటిది పొయ్యరు. లేచి పొమ్మని నోటితో అంటే సరిపోయేది కదా, దానికి అంత ఖరీదైన కొండ టీ ఆకు వేస్టు చెయ్యడం ఎందుకు?"

మన ఊళ్ళో చల్లటి కప్పు చేతికిస్తే దాని అర్థమేమిటో చిన్నపిల్లాడిక్కూడా తెలుసు. నువ్వు ఎంత కోపంలో ఉన్నా టీ దగ్గర తప్పు చేసే మనిషివి కావు. అప్పుడు తట్టింది నాకు. నీలం దీపం! కింది వాటా పిల్లకి పాలు కలిపి ఉంటావు, మిషను దాన్ని గుర్తుపెట్టుకుంది, అమ్మ వచ్చిన కంగారులో నువ్వు మీట నొక్కేశావు. నువ్వే మొదటి రిపోర్టులో హెచ్చరించావు కూడా. నేనే చెవిన పెట్టలేదు.

అమ్మకి అంతా విడమరిచి చెప్పాను. "మిషనా? సరే, మిషనైతే మనమేం చేస్తాం" అంది. ముక్కు చీదుకుని, "రైలెక్కే ముందు ఇంకోసారి వెళ్తాను. ఇరవై తొమ్మిది ఆదివారం. దానికి చెప్పు" అంది. పెద్దమ్మా, నాలుగేళ్ళలో నేను విన్న మంచి మాట ఇదే.

నా వంతు పని కూడా చేశాను. ఫ్యాక్టరీలో లోపం రిపోర్టు పెట్టాను. దీపం గుర్తుపెట్టుకోవడం వల్ల ఒక ఇంట్లో అతిథికి అవమానం జరిగింది, అది తీసెయ్యాలి అని రాశాను. ముప్ఫై ఒకటిన మీటింగు. ఔ హుయ్‌ని ఈ పనిలోంచి తప్పించి ప్యాకింగ్ విభాగానికి పంపేస్తారనుకుంటా. పాపం అనిపించింది. కానీ తప్పు తప్పే కదా.

నువ్వు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. నాకు అంతా అర్థమైంది.

లియాంగ్


చావోజౌ
అక్టోబర్ 20

లియాంగ్,

ఆ అమ్మాయి వయసెంత? ఎన్నాళ్ళుగా పనిచేస్తోంది? ప్యాకింగ్‌కి పంపితే మళ్ళీ వెనక్కి వచ్చే దారుందా? నువ్వు పెట్టిన రిపోర్టు వెనక్కి తీసుకోవచ్చా?

ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు రాయి. వేరే ఏమీ రాయకు.

పెద్దమ్మ


షుండే
అక్టోబర్ 24

పెద్దమ్మా,

ఇరవై నాలుగేళ్ళు. తొమ్మిది నెలలు. సాధారణంగా రారు. కారణం ఉంటే తీసుకోవచ్చు, కానీ నాకు కారణమేముంది?

వేరే ఏమీ రాయొద్దన్నావు గానీ ఒక్క మాట. నీ మనసు మెత్తన, నాకు తెలుసు. ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం బాధపడుతున్నావు. నీ బల్ల మీదికి పగులున్న కప్పు వస్తే, దాన్ని చేసిన వాడు ఎవడని అడిగావా ఎప్పుడైనా? పక్కన పడేసేదానివి. ఇదీ అంతే. అమ్మ ఆదివారం పొద్దున పదింటికి వస్తుంది. కొత్త చొక్కా కుట్టించుకుందట. ఆ ఒక్క సంగతీ తలుచుకో, మిగతాది మాకు వదిలెయ్యి.

లియాంగ్


చావోజౌ
అక్టోబర్ 27
(స్పీడ్ పోస్టు)

లియాంగ్,

ఇది మూడో రిపోర్టు. సంతకం పెట్టాను. దీన్ని చించకు, మీటింగులో చూపించు.

పండగ రోజు కింది వాటా వాళ్ళు ఊళ్ళో లేరు. నీకు రాశాను, నువ్వు చదివీ చదవనట్టు వదిలేశావు. పిల్ల లేదు, పాలు లేవు. పొద్దున్నే నేను టీ పెట్టుకున్నాను, మిషను ఎర్రదీపం మీదే ఉంది. నీలం నేను నొక్కాను. ఈ వేలితో, చూసి మరీ నొక్కాను.

ఎందుకు నొక్కానో కూడా రాస్తాను. మీ అమ్మ వచ్చింది. కూర్చుంది. చిక్కిపోయింది, మెడ దగ్గర ఎముకలు కనబడుతున్నాయి. అప్పుడది నోరు విప్పి, "నేను వెళ్ళిపోతే అమ్మ తద్దినానికి ఇక్కడ నువ్వొక్కదానివే ఉంటావక్కా. ఈసారైనా సమయానికి ఉండు" అంది. మామూలుగానే అందేమో, పూజ వేళకి పక్కింటి వాళ్ళతో మాటల్లో పడకు అని అందేమో. నాకలా వినబడలేదు. నలభై మంది ముందు పడ్డ దెబ్బ మీదే మళ్ళీ రోకటి పోటు పడినట్టయింది. చెయ్యి మీట మీదుంది.

నీకు బాగులేనివి కావాలన్నావు కదా, అసలైనది ఇదిగో, రాసుకో. కెటిల్ మరగడానికి నా ఇంట్లో ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఎనిమిది నిమిషాలు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడకుండా ఉండలేరు. మోకాళ్ళ నొప్పులో, ముల్లంగి ధరో, ఏదో ఒకటి వస్తుంది. నా కోపం నాకు తెలుసు, నాలుగు నిమిషాల కంటే దానికి ఓపిక లేదు. కెటిల్ అయితే నీళ్ళు మరిగేసరికి నేను మామూలు మనిషినయ్యేదాన్ని. నీ మిషను మూడు సెకన్లలో ఇచ్చింది. నేనెంత చల్లగా అడిగితే అంత చల్లగా ఇచ్చింది. అది లోపం కాదు, అడిగింది ఇవ్వడం దాని గుణం. ఆ పిల్ల రాసిన ప్రోగ్రాంలో తప్పేమీ లేదు.

నీ పదహారో తారీకు ఉత్తరం చూసి మొదట నేనేమనుకున్నానో కూడా చెబుతాను. హమ్మయ్య అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నెపం మిషను మీద పోతుంది, చెల్లెలు ఇంటికొస్తుంది, ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. మిషనుకి నోరు లేదు. కానీ దాని వెనక ఒక పిల్ల ఉందని నువ్వే రాశావు. నిన్న అందిన నీ ఉత్తరంలో పగులున్న కప్పు అన్నావు. పగులున్న కప్పు చేసిన వాడెవడని నేనెప్పుడూ అడగలేదు, నిజమే. కానీ మంచి కప్పుని తీసి రెండో రకంలో ఒక్కసారి కూడా పడెయ్యలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా. డెబ్బై ఒకటో ఏట మొదలుపెట్టలేను.

ఈ సంగతి మీ అమ్మకి నువ్వు చెప్పకు. ఎల్లుండి వస్తుంది కదా, నేనే చెబుతాను, టీ పోసేముందే. విన్నాక లేచి వెళ్ళిపోతే వెళ్ళిపోతుంది. మూడేళ్ళకి నేనుంటానో లేదో. నాకు భయంగా ఉంది లియాంగ్. అయినా అబద్ధం కలిపిన టీ దానికి పొయ్యలేను.

పెద్దమ్మ
చెన్ సూచెంగ్


చావోజౌ
అక్టోబర్ 30

చిరంజీవి లియాంగ్‌కి,

నీ ఫోన్ వచ్చింది. నువ్వు అరిచిందాంట్లో "రిపోర్టు వెనక్కి తీసుకున్నాను" అన్నంతవరకూ వినబడింది. అది చాలు. మిగతాది తిట్లయితే కాగితం మీద రాయి, చదువుకుంటాను.

నిన్న మీ అమ్మ పదికి ముందే వచ్చింది. కొత్త చొక్కా బాగుంది, భుజాల దగ్గర కాస్త వదులు. కూర్చోమన్నాను. బల్ల మీద చేతులు పెట్టి, మిషను జోలికి పోకుండా చెప్పేశాను.

"సూలాన్, ఆ రోజు తప్పు మిషన్ది కాదు. దీపం నేనే మార్చాను."

"తెలుసు" అంది.

"లియాంగ్ చెప్పేశాడా?"

"వాడా! వాడికి మిషన్లు తప్ప ఏం తెలుసక్కా? నేను నీ ఎదురుగానే కూర్చున్నాను కదా. ఎర్రదీపం ఉండటం చూశాను, నీ వేలు నీలం మీదకి పోవడం చూశాను."

"మరి వాడితో, మిషనైతే ఏం చేస్తాం అన్నావట."

"మళ్ళీ నీ గడప ఎక్కడానికి ఏదో ఒక వంక కావాలి కదా. వాడిచ్చాడు, పుచ్చుకున్నాను."

నాకు నవ్వొచ్చింది. దానికీ వచ్చింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. టీ ఆకు డబ్బా అందుకోబోతుంటే, "ఆగక్కా, కూర్చో" అంది. గొంతు మారిపోయింది.

"నువ్వు నీది చెప్పావు. నేను చెప్పకుండా రైలెక్కితే మనిషిని కాను. ఆస్పత్రిలో ఆ రోజు ఫ్లాస్కు ఖాళీ కాలేదు."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది.

"సగానికి పైగా నీళ్ళున్నాయి. అయిపోయాయని నేనే అన్నాను. రెండ్రోజులుగా నువ్వు అమ్మ చెయ్యి వదల్లేదు. నేను మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అమ్మ ఏమడిగినా నిన్నే అడిగేది. ఒక్క పది నిమిషాలు ఆ కుర్చీలో కూర్చుందామనుకున్నాను. అందుకని నిన్ను కిందికి పంపించాను. ఆ పది నిమిషాల్లో అమ్మ వెళ్ళిపోయింది. నేనే పంపానని ఎవరికి చెప్పుకోను? చెప్పుకోలేక నువ్వే వెళ్ళావన్నాను."

లియాంగ్, నాకు ఎంత కోపం వచ్చిందో రాయలేను. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాను. నాలుగేళ్ళు. చూపులు తట్టుకోలేక చుట్టాల పెళ్ళిళ్ళకి పోవడం మానేశాను. అమ్మ ఫోటో ముందు తల ఎత్తి నిలబడలేదు. దాన్ని మెడ పట్టి గెంటేద్దామనుకున్నాను. అది మాత్రం కదల్లేదు, కూర్చునే ఉంది. చివరికి వెనక్కి తిరక్కుండానే, ఇన్నేళ్ళుగా ఎవర్నీ అడగలేకపోయింది అడిగాను.

"అమ్మ ఏమైనా అందా?"

"ఒకటే మాట. కళ్ళు తెరిచి నా మొహంలోకి చూసి, 'సూచెంగ్' అంది."

నేను తిరిగి చూశాను.

"నేను కాదని అనలేదక్కా. 'ఆఁ అమ్మా, ఇక్కడే ఉన్నా' అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. నీ చెయ్యి అనుకుని పట్టుకుంది. అలాగే పోయింది. నలుగురిలో నువ్వు లేవన్నాను గానీ, అమ్మకి ఆ గదిలో ఉన్నది నువ్వే. లేనిది నేను."

చొక్కా చేత్తో మొహం కప్పుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. దాన్ని ఓదార్చాలో, నేనే ఏడవాలో నాకు తెలియలేదు. వెళ్ళి దాని పక్క కుర్చీలో కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను. అమ్మ పట్టుకున్నది ఏ చెయ్యో అడిగాను. కుడిది అంది. కుడిది పట్టుకున్నాను. భోజనాల వేళ దాటిపోయేదాకా అలాగే ఉన్నాం.

అయిదో తారీకు నేనూ స్టేషన్‌కి వెళ్తున్నాను. దాని దగ్గర సామాను ఎక్కువ, ఒక్కతే మోయలేదు.

మీ పెద్దమ్మ,
సూచెంగ్